ఆదివారం హుకుం

ఏప్రిల్ 4, 1988, సోమవారం

ఈ రోజు కొలతల సాహెబ్ వచ్చాడు. ఇద్దరు బంట్రోతులు, ఒక గొలుసు, ఒక గొడుగు. పాత మిలిటరీ కంపు మైదానాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిచి, చెమట తుడుచుకుంటూ అంబాదాస్ హోటల్లోకి వచ్చి కూర్చున్నాడు. నేను అక్కడే ఉన్నాను. నేను ఎప్పుడూ అక్కడే ఉంటాను.

"ఆజోబా, మైదానం నిండా గుంజలు పాతిన గుంతలున్నాయి, గంజి మరకలున్నాయి. మనిషి మాత్రం ఒక్కడూ లేడు. ఏమిటి సంగతి?" అని మరాఠీలో అడిగాడు. ఆజోబా అంటే తాతా అని.

అదృష్టం అంటే ఇదే. నలభై ఏళ్లుగా ఈ కథ చెబుతున్నాను, రాసుకునేవాడు ఒక్కడూ దొరకలేదు. ఈయన జేబులో పెన్ను ఉంది. మొదటి నుంచి చెప్పాను. ఈసారి ఎంత బాగా కుదిరిందంటే, మళ్లీ ఇలా కుదరదేమోనని ఇక్కడ కూడా రాసి పెడుతున్నాను.

మా గల్లీ చివర ఒకప్పుడు గోరా పల్టన్, అంటే తెల్లవాళ్ల సైన్యం, ఉండేది. చిన్న కంపు. పెద్ద పెద్ద కంటోన్మెంట్ల ముందు ఇది పెళ్లి భోజనాల్లో పిల్లల పంక్తి లాంటిది. వంద మంది సిపాయిలు, గుర్రాల కొట్టం, జెండా కట్ట, రేకుల కప్పు చర్చి, రొట్టెల బట్టీ. (ఆ బట్టీయే అంబాదాస్ హోటల్. వాడి పొయ్యి ఉన్న గూడు పల్టన్ రొట్టె కాలిన గూడే. చాయ్ మాత్రం అంత కాలనివ్వడు, నీళ్లలాగే ఉంటుంది.) కంపు ఉంది కాబట్టి బజారు వచ్చింది. బజారు ఉంది కాబట్టి, కరువులో కరీంనగర్ వైపు నుంచి నడిచొచ్చిన మా తాత ఇక్కడ ఆగాడు. మగ్గం పెట్టుకోవడానికి గుడిసె దొరికింది కాని పడుగు పరచడానికి జాగా దొరకలేదు. మరాఠీ ఆడవాళ్లు కట్టే లుగడి చీర పడుగంటే గల్లీ పొడుగు ఉంటుంది. దాన్ని గుంజలకు సాగదీసి కట్టి, గంజి పట్టించి, ఇద్దరు మనుషులు చెరో పక్క కుంచె పట్టుకుని పోగుకు పోగు విడిపోయేలా దువ్వుతూ నడవాలి. వంకర సందుల్లో ఎక్కడ నడుస్తారు? ఎదురుగా చూస్తే కవాతు మైదానం, పలకలాగా చదునుగా ఉంది.

తాత వెళ్లి కప్తాన్ సాహెబ్ తెల్లగుర్రానికి అడ్డంగా నిలబడ్డాడు. కప్తాన్‌కి తెలుగు రాదు, తాతకు ఇంగ్లీషు రాదు. భుజం మీది పడుగు చుట్ట దింపి, నేల మీద పరిచి చూపించాడు. కప్తాన్ గుర్రం దిగకుండా చాలాసేపు చూసి హుకుం ఇచ్చాడు. ఆదివారం పూట, సిపాయిలు చర్చికి పోయింది మొదలు పగలు పన్నెండు బిగిల్ ఊదేదాకా. ఆ తరువాత మైదానంలో ఒక్క పోగు కూడా కనబడకూడదు.

పల్టన్ పోయింది. కప్తాన్ పోయాడు. హుకుం పోలేదు. ఈ రోజుకీ మావాళ్లు ఆదివారమే పడుగు పరుస్తారు, పన్నెండు కాగానే లేచి వస్తారు. సోమవారం వచ్చిన సాహెబ్‌కి మైదానం ఖాళీగా కాక ఎలా కనబడుతుంది?

సాహెబ్ అంతా రాసుకున్నాడు. రెండో చాయ్ ఆయనే తెప్పించాడు. పోయేముందు నాకు రెండు చేతులా నమస్కారం పెట్టాడు.

ఇంటికొచ్చి మా ఆవిడ ద్రౌపదికి చెప్పాను. ఆమె బీడీలు చుడుతూ తల ఎత్తకుండానే, "ఎందుకు కొలుస్తున్నరో అడిగినవా?" అంది.

అడగలేదు. చరిత్ర చెప్పేటప్పుడు మధ్యలో అలాంటివి అడగకూడదు.

ఏప్రిల్ 5

సాహెబ్‌కి మార్షల్ లా ముక్క చెప్పడం మరచిపోయాను. రాత్రంతా అదే బాధ.

ముప్పైలో, ఊళ్లో మార్షల్ లా పెట్టినప్పుడు, గోరా సిపాయిలు మళ్లీ వచ్చారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. గాంధీ టోపీ పెట్టుకుంటే పట్టుకుపోతున్నారని మా నాయన తన టోపీని మగ్గం తుడిచే గుడ్డ చేశాడు. మంచి గుడ్డ, చాలా ఏళ్లు వచ్చింది. ఆ మొదటి ఆదివారం ఎవరూ ఇల్లు కదల్లేదు. మా నాయన మాత్రం పడుగు భుజాన వేసుకుని నన్ను వెంటబెట్టుకుని మైదానానికి పోయాడు. అక్కడ కావలి ఉన్న సార్జంట్ తుపాకీ పట్టుకుని చూశాడు. మా నాయన సలాం కొట్టి గుంజలు పాతడం మొదలుపెట్టాడు. అంత ధైర్యంగా పాతుతున్నాడంటే హుకుం ఉండే ఉంటుందని సార్జంట్ అనుకున్నాడు. ఆయన అలా అనుకోబట్టే మా నాయన ధైర్యం నిలబడింది. పన్నెండుకి ఇద్దరూ ఒకరికొకరు సలాం కొట్టుకున్నారు.

ఇది చెబితే సాహెబ్ ఎంత సంతోషించేవాడో.

ఏప్రిల్ 7

పెంటప్ప వచ్చాడు. ద్రౌపది తమ్ముడు. మా గల్లీలో మిగిలిన చేతిమగ్గాల్లో ఒకటి వాడిది, ఒకటి మాది, ఇంకో ఐదారు ఉంటాయి. తక్కిన వాళ్లంతా మా అబ్బాయి గంగాధర్‌లాగా నీలం నగర్ పవర్‌లూంలలో చద్దర్లు నేస్తున్నారు.

గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "బావా, నీ నోట్ల మన్ను వడ. ఏం చెప్పినవయ్యా ఆ సాహెబ్‌కు?"

"చరిత్ర చెప్పిన."

"సర్కారోళ్లు మైదాన్ చుట్టూ కంచె కడుతరట. మనం సొంతంగ వాడుకుంటున్న జాగైతే మనకు ఇడుస్తుండెనట. ఇంకొకల దగ్గర అడుక్కొని వాడుకున్నదైతే అడుక్కున్నోళ్లకేం హక్కు లేదట. నువ్వేం చెప్పినవ్? మీ తాత అడుక్కున్నడని చెప్పినవ్."

"అడుక్కోలే. గుర్రానికి అడ్డం నిలవడ్డడు."

"అడ్డం నిలవడి అడుక్కున్నడు! ఆదివారం ఒక్కపూట! సాహెబ్ మొత్తం రాసుకపోయిండు. అంబాదాస్ చెప్పిండు, నువ్వు ఆగి ఆగి చెప్పినవట, ఆయన రాసుకోను వీలుగ."

అది నిజమే, ఆగి ఆగి చెప్పాను. అతను రాయడంలో కొంచెం నిదానం.

పెంటప్ప ఇంకా చాలా అన్నాడు. మైదానం పోతే పడుగు లేదు, పడుగు లేకపోతే మగ్గం పొయ్యిలోకే, అన్నాడు. ఇది నాకు తెలియని సంగతి కాదు. ద్రౌపది బీడీల చాట పక్కన పెట్టి లోపలికి పోయింది.

ఆమె వారమంతా ఆ చాట ముందే కూర్చుంటుంది, లేదా మగ్గం గుంటలో కూర్చుంటుంది. ఆదివారం ఒక్క పూటే నిలబడి నడుస్తుంది. పాడుతుంది. తమ్ముడి పెళ్లాం రాజమ్మతో కొట్లాడుతుంది, మైదానం ఆ చివరకు చేరేసరికి కలిసిపోతుంది. వస్తూ వస్తూ కొంగు నిండా వేపపూత తెస్తుంది. వేరే ఉద్దేశం ఏమీ లేదు, గుర్తొచ్చింది కాబట్టి రాశాను.

ఏప్రిల్ 8

ద్రౌపది నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. గొంతు నొప్పి కావచ్చు.

ఏప్రిల్ 9

గొంతు నొప్పి కాదు. రాజమ్మతో బాగానే మాట్లాడుతోంది.

ఏప్రిల్ 10, ఆదివారం

వేప నీడలో కూర్చున్నాను. ఎవరూ పలకరించలేదు. ద్రౌపది, రాజమ్మ మా పడుగుకి కుంచె పట్టారు. నేను ఉన్న చోటికి వచ్చేసరికి రాజమ్మ అడిగింది.

"అవు వదినె, పన్నెండు గాంగనే లేసుడు నిజంగనే ఆ కప్తాన్ చెప్పిండని లేస్తున్నమా?"

"కప్తాన్ ఎవడే? పన్నెండు దాటితే ఎండకు గంజి గిర్రున ఆరి పోగు పెళుసైతది. గందుకు లేస్తం."

"మరి ఆదివారం?"

"ఆదివారం బీడీ కంపెనీ బంద్. గందుకు వస్తం. ఏం గుర్రం, ఏం కథ."

నన్ను వినమనే అంది. ఆమె పుట్టక ముందు, బీడీ కంపెనీలు ఈ ఊరికి రాకముందు, మా తాత ఆదివారమే ఎందుకు వచ్చేవాడో చెప్పమనాలని నోటిదాకా వచ్చింది. కుంచె అప్పటికే దాటిపోయింది.

ఏప్రిల్ 11

కథలో నాది ఎంతో, మా నాయనది ఎంతో విడదీసి చూద్దామని కూర్చున్నాను.

పల్టన్ ఉండటం నిజం. జెండా కట్ట ఉంది, దాని మీద కూర్చోవచ్చు. గుర్రాల నీళ్లతొట్టి ఉంది, అందులో ఇప్పుడు అంబాదాస్ గిన్నెలు తోముతాడు. కప్తాన్‌ని మా నాయన చిన్నప్పుడు చూశానన్నాడు. గుర్రం అన్నాడు. తెల్లది అనలేదు, అది నేను పెట్టాను. తాత అడ్డంగా నిలబడటం... మా నాయన 'పక్కన నిలబడి' అన్నాడని గుర్తు. పక్కన నిలబడితే కథ నడవదు. ఆదివారం హుకుం మాత్రం నిజం. పన్నెండు బిగిల్ నిజం. అవి నేను కల్పించగలిగినవి కావు. నేను కల్పిస్తే రెండు పూటలూ ఇప్పించేవాణ్ణి.

అంటే మైదానాన్ని ముంచే ముక్క ఒక్కటే కథలో ఖాయంగా నిజం. తక్కినదంతా హాని లేని అబద్ధం.

ఏప్రిల్ 13, బుధవారం

పెంటప్ప ఒక ఉపాయం చేశాడు. సాహెబ్ ఈ రోజు మళ్లీ వస్తున్నాడని తెలిసింది. వారం మధ్యలో అందరం మైదానంలో పడుగులు పరచుకుని కనబడితే ఆదివారం మాట దానంతట అదే కొట్టుకుపోతుంది. ఉపాయం మంచిదే.

తెల్లారేసరికి ఏడెనిమిది పడుగులు పరిచారు. బీడీల పని ఎగ్గొట్టి ఆడవాళ్లంతా వచ్చారు. ఎవరికీ చేతులు ఆడటం లేదు. దొంగల్లా చుట్టూ చూస్తూ కుంచెలు లాగారు. పాట ఎత్తినవాళ్లు లేరు. సాహెబ్ తొమ్మిదికి రాలేదు, పదికి రాలేదు, పదకొండుకి రాలేదు.

పన్నెండయింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒక గుంజ పెరికిన చప్పుడు వినబడింది, తరువాత అన్నీ వినబడ్డాయి. పడుగులు చుట్టుకుని, గంజి కుండలు ఎత్తుకుని అందరూ ఇళ్లకు పోయారు. పెంటప్ప అందరికంటే ముందు పోయాడు.

సాహెబ్ రెండింటికి వచ్చాడు. మైదానం ఖాళీ. హోటల్ ముందు నన్ను చూసి, "ఆజోబా, మీరు చెప్పింది అక్షరాలా నిజం" అన్నాడు. వచ్చే వారం గురువారం మధ్యాహ్నం పెద్ద సాహెబ్‌ని తీసుకొస్తానని, ఆయనకీ ఆ కథ నా నోటితోనే వినిపించాలని చెప్పి పోయాడు.

ఇంకో రోజైతే సంతోషించేవాణ్ణి. నిజం చెప్పాలంటే కొంచెం సంతోషించాను.

ఏప్రిల్ 14

గల్లీ పెద్దలంతా మా అరుగు మీద కూర్చున్నారు. పెంటప్ప మాట్లాడాడు.

"బావా, ఇగ ఒక్కటే తొవ్వ. పెద్ద సాహెబ్ ముంగట నువ్వే చెప్పాలె. అదంతా గప్పా, హోటల్ల పొద్దువోక చెప్పిన, కప్తాన్ లేడు, హుకుం లేదు, నేను గప్పిష్టును అని."

"నలభై ఏండ్లు చెప్పినదాన్ని గప్పా అనాల్నా?"

"మేం నలభై ఏండ్ల సంది అంటనే ఉన్నం గదా. నువ్వు ఒక్కసారి అను."

అందరూ నవ్వారు. ద్రౌపది గడప లోపల నిలబడి ఉంది, నవ్వలేదు. నా వైపు చూస్తోంది. వారం తరువాత అదే మొదటిసారి చూడటం.

"సరే, అంట" అన్నాను.

ఏప్రిల్ 16

"అంతా గప్పా సాహెబ్." చిన్నమాట. గోడ ముందు నిలబడి నాలుగైదుసార్లు అని చూశాను. బాగా రావడం లేదు. ఎందుకు గప్పా చెప్పానో కూడా చెబితే నమ్మకంగా ఉంటుంది.

ఏప్రిల్ 18

ఈ రోజు గోడ ముందు అబద్ధం అరగంట పట్టింది. మధ్యలో ఒక ఏనుగు వచ్చింది. ఏనుగుని తీసేయాలి.

ఏప్రిల్ 20

తీసేశాను. ఏనుగు లేకపోతే మిగతాది నిలబడటం లేదు. రేపు ఏం చెబుతానో నాకే తెలియదు. నిజం చెబితే ద్రౌపది మైదానం పోతుంది. అబద్ధం చెబితే మా తాత, మా నాయన, కప్తాన్ ముగ్గురూ ఒక్క మాటలో పోతారు. వాళ్లెలాగూ పోయినవాళ్లే అని పెంటప్ప అంటాడు.

ఏప్రిల్ 21, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. చేతులు నొప్పిగా ఉన్నాయి, అందుకే పొడిగించను.

పన్నెండు దాటాక, ఎండ నెత్తిన నిలబడ్డాక, ద్రౌపది లేచింది. మూల నుంచి కొత్త పడుగు చుట్ట తీసింది. వచ్చే లుగడి పడుగు అది, ఇంట్లో ఉన్నది అదొక్కటే. గంజి కుండ చంకన పెట్టుకుంది. కుంచె తీసుకుని బయటికి నడిచింది. నేను వెనకాల నడిచాను, పెద్ద సాహెబ్‌ని కలవడానికి ఎలాగూ పోవాలి కదా.

మైదానంలో తనే గుంజలు పాతి పడుగు సాగదీసి కట్టింది. గల్లీ అంతా వేపచెట్ల కింద చేరింది. పెంటప్ప పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, నీకేమన్న పిచ్చివట్టిందా? ఈ ఎండల గంజి పెడితే పడుగు మొత్తం నాశనమైతది. మగ్గం మీద ఒక్క జాన నిలవదు."

"నాకెర్క" అంది.

"మరి?"

"కానీ" అని గంజి పట్టించడం మొదలుపెట్టింది.

కుంచె ఎత్తింది. కుంచెకి రెండు పక్కలా మనిషి ఉండాలి. రాజమ్మ వైపు చూసింది. రాజమ్మ వెనక్కి జరిగింది. "నా చేతుల పడుగు చెడగొట్ట, వదినె. కోపం జేయకు" అంది. ఆమె తప్పేం లేదు. తెలిసి తెలిసి పడుగు పాడుచేసే చెయ్యి మా కులంలో ఎవరికీ లేదు. అవతలి పక్క ఖాళీగా ఉంది. గంజి ఆరిపోతోంది.

నేను పోయి పట్టుకున్నాను.

కుంచె పట్టక ఎంతో కాలమైంది. చేతులు మరచిపోలేదు, మోకాళ్లు మరచిపోయాయి. చల్లపొద్దున అయితే గంజి కొంచెం ఆగుతుంది, మనిషి ఒక మాట అనడానికి వీలిస్తుంది. నడి ఎండలో క్షణం ఆగినా పోగులన్నీ కలిసి కట్టెలా బిగుసుకుంటాయి. ఆ చివరకు పోయాం, ఈ చివరకు వచ్చాం. ఆమె మొహం చూడలేదు, ఆమె చేతులే చూశాను, ఎటు లాగితే అటు.

అప్పుడు జీపు వచ్చింది. పెద్ద సాహెబ్ నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. చిన్న సాహెబ్ నన్ను చూపించి, "ఈ ఆజోబాయే" అన్నాడు, ఇంట్లో మనిషిని చూపించినట్టు.

"ఆజోబా," అన్నాడు పెద్ద సాహెబ్. "ఇది పల్టన్ జాగా, మీవాళ్లు కప్తాన్ అనుమతితో ఆదివారం మాత్రమే, అది కూడా పన్నెండు దాకానే వాడుకునేవాళ్లని చెప్పింది మీరేనా?"

గల్లీ అంతా నా నోటి వైపు చూసింది. పెంటప్ప అయితే పెదాలు కదిలిస్తున్నాడు, గప్పా, గప్పా అని.

నోరు తెరిచాను. ద్రౌపది కుంచె లాగింది.

కుంచె లాగితే పోవాలి. పోయాను. సాహెబ్ నా పక్కన నడిచాడు, మళ్లీ అడిగాడు. ఆ చివరకు చేరి మళ్లీ నోరు తెరిచాను. మళ్లీ లాగింది. మూడోసారి ఆయన నన్ను వదిలేసి ఆమె పక్కకి పోయాడు.

"బాయీ, ఎవరి అనుమతితో పరిచారు?"

ద్రౌపది ఆగలేదు. నడుస్తూనే, "ఆజ్ గురువార్ ఆహే, సాహెబ్. ఎన్ని గొట్టిందో చూస్కోండ్రి" అంది.

పెద్ద సాహెబ్ గడియారం చూసుకున్నాడు. ఒకటిన్నర దాటింది. గురువారం ఒకటిన్నరకి నడి మైదానంలో పడుగు పరిచి ఉంది, ఇద్దరు ముసలివాళ్లు దాన్ని దువ్వుతున్నారు, ఏ కప్తానూ వచ్చి ఆపడం లేదు. ఆయన చిన్న సాహెబ్ వైపు చూశాడు. చిన్న సాహెబ్ తన కాగితం వైపు చూశాడు. జీపు దాకా ఏదో మాట్లాడుకుంటూ పోయారు.

జీపు పోయాక పెంటప్ప వచ్చి, "బావా, గప్పా అనకనే పాయె గదా నువ్వు" అన్నాడు.

"టైం దొరకలే" అన్నాను.

రాజమ్మ వంగి పడుగుని వేలితో తాకి చూసింది. వేలు తాకిన చోట రెండు పోగులు టప్పుమన్నాయి. చుట్టుకుని ఇంటికొచ్చాం.

ఏప్రిల్ 25

పడుగు మగ్గానికి ఎక్కించారు. పోగులు తెగుతున్నాయి.

ఏప్రిల్ 27

తెగుతున్నాయి. ఆమె నేస్తోంది, తెగిన చోటల్లా నేను ముడి వేస్తున్నాను. హోటల్‌కి పోవడం కుదరలేదు. నాకు జ్వరమేమో చూసి రమ్మని అంబాదాస్ ఎవరినో పంపించాడు.

మే 5

అంబాదాస్ వార్త తెచ్చాడు. కంచె కడతారు. కాని వేపచెట్ల పక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక పట్టీ నేతవాళ్లకు వదిలేశారు. అక్కడ ఏ వారమైనా, ఏ వేళయినా పరచుకోవచ్చు.

గల్లీ అంతా పేలాలు, బెల్లం పంచారు. పెంటప్ప అక్క కాళ్లకు మొక్కాడు. నాకు మొక్కలేదు, కాని పేలాలు నా దోసిట్లో అందరికంటే ఎక్కువ పోశాడు.

మే 8, ఆదివారం

ఏ వారమైనా పోవచ్చని హుకుం వచ్చిన తరువాత, అందరం ఆదివారమే పోయాం. పన్నెండుకి లేచి వచ్చాం.

మే 11

లుగడి ముగింపుకి వచ్చింది. నిండా ముడులే. చేత్తో తడిమితే వడియాలు ఎండబెట్టిన చాపలా ఉంది. చీరలు కొనే సేటు దీన్ని తీసుకోడు. తనే కట్టుకుంటానంది ద్రౌపది. మామూలుగానే మాట్లాడుతోంది ఇప్పుడు. ఎప్పటి నుంచి మొదలుపెట్టిందో గమనించలేదు, ముడులు వేస్తూ ఉన్నాను.

ఈ రోజు మధ్యాహ్నం నాడె విసురుతూ, "నువ్వు ఊరందరికి చెప్తవు. నాకెప్పుడన్న మొత్తం చెప్పినవా ఆ కప్తాన్ కథ?" అంది.

చెప్పలేదు. ఆమె వినే ఉంటుందనుకున్నాను.

చెప్పాను. పల్టన్ నుంచి మొదలుపెట్టి, కరువు, తాత, భుజం మీద పడుగు, అన్నీ చెప్పాను. తాతని గుర్రం పక్కనే నిలబెట్టాను. కథ నడిచింది. ఆమె ఒక్కచోట కూడా నవ్వలేదు, ఎక్కడా లేవలేదు. అయిపోయాక అడిగింది.

"గుర్రం తెల్లదేనా?"

"నేను సూడలే. మా నాయిన గుర్రం అన్నడు, రంగు చెప్పలే."

"మరి ఇన్నేండ్లు తెల్లదంటివి."

"తెల్లదైతే దూరం నుంచి అవుపడతదని."

కాసేపు నాడె ఆడింది. ఒక పోగు తెగింది. నేను ముడి వేసేదాకా ఆగి, "తెల్లదే ఉండనీ" అంది.